బల్లమీది యుద్ధమునందు తీర్పరి

చదరంగమాడు ఇరువురకు తీర్పరి యక్కరలేదు. 64 గడులును 32 బలములును ఇద్దరి కన్నులయెదుటనే యుండును. మన పల్లెలలో అరుగులమీద గీచి యాడు పులిజూదమునందును అంతియే. సాధారణముగా 3 పులులకెదురుగా 15 మేకలు నిలుచును; బలములు సమానములు కాకున్నను ఆట యన్యాయమని యెవరును అనరు. ఎవరికేమి కలదో, ఎవరు దేనిచే గెలుతురో ముందే ఉభయులకును తెలియుటయే అందులకు కారణము. న్యాయమనగా సమానముగా పంచుటయే యని తలచువారు పులిజూదమును ఒకమారు ఆడి చూతురుగాక.

కాని ముప్పదిమందియో నలువదిమందియో జట్లుగా కూడి, నాలుగైదు బల్లలమీద కొండలను, ఏరులను, ఊళ్లను అమర్చి, ఒక దినమంతయు సేనలను నడపు పెద్ద యుద్ధక్రీడయందు స్థితి వేరు. ఒక బల్లయొద్ద నున్న దళాధిపతికి మరియొక బల్లమీద జరుగునది తెలియదు, తెలియరాదు కూడ. సేనానాయకుడు వేరొక గదిలో కూర్చుండి, వార్తాహరులు తెచ్చు చీటీలనుబట్టియే ఉత్తరువు లీయవలెను. సర్వమును చూచువాడు తీర్పరి యొక్కడే. కావున ఇట్టి క్రీడను నడపదలచినవారు బొమ్మలకై పడు శ్రమలో సగమైనను తీర్పరులకై పడవలెనని నా యభిప్రాయము. బొమ్మలకు నెలలతరబడి రంగులు వేసి, తీర్పరిని మాత్రము ఆనాటి యుదయమున వెదకుట తగదు.

ఈ క్రీడ నేటి రూపమునకు వచ్చినది ప్రష్యా దేశమున. 1812లో రైస్విట్జ్ అనునతడు తాను కల్పించిన యుద్ధక్రీడా బల్లను అచ్చటి రాజైన మూడవ ఫ్రెడరిక్ విలియమునకు సమర్పించెను. సైన్యమున లెఫ్టినెంటుగా నున్న అతని కుమారుడు దానిని సంస్కరించి 1824లో నియమగ్రంథమును ప్రకటించెను. 1:8000 ప్రమాణముగల పటము, 2 నిమిషముల యుద్ధకాలమునకు ఒక్కొక్క ఆవృత్తి, నష్టములను నిర్ణయించుటకు పాచికలు, ఇవి యందలి సామగ్రి. వీనికన్న ముఖ్యమైన కల్పన వేరొకటి కలదు. ఉభయపక్షములవారును తమ ఉత్తరువులను తీర్పరికి తెలుపుదురు. శత్రువునకు కనబడదగిన దళములను మాత్రమే అతడు పటముపై నుంచును. తరువాత 1876లో వెర్డీ దు వెర్న్వా యను సేనాని పట్టికలను, పాచికలను తొలగించి, సర్వమును తీర్పరి యనుభవమునకే విడువవచ్చునని వాదించెను. యుద్ధము చూచిన అధికారుల మధ్య అది చెల్లును. విద్యార్థులలో చెల్లదు. లెక్కించుటకు వీలైన దానికి నియమమును, నియమము ముందుగా ఊహింపని దానికి మాత్రమే తీర్పరి బుద్ధియును ఉండవలెను. పాచికలందురా, అందరు చూచుచుండగా బల్ల నడుమ వేయవలయును; శకుని కథ విన్న జాతికి ఇంతకన్న చెప్ప నక్కరలేదు.

తీర్పరి స్థానమెట్టిదో 1942వ సంవత్సరమున జరిగిన రెండు యుద్ధక్రీడలు చక్కగా తెలుపుచున్నవి. ఆ యేడు లివర్‌పూల్ నగరమున కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఆంగ్ల నౌకాధికారులకై ఒక క్రీడాశాలను నెలకొల్పెను. నేలపై గీచిన గడులే సముద్రము. ఓడలను నడపు అధికారులు తెరలవెనుక నిలిచి, చిన్న రంధ్రములగుండ మాత్రమే చూచెడివారు. శత్రు జలాంతర్గాముల మార్గమును ఆ రంధ్రములనుండి కానరాని ఆకుపచ్చ సుద్దతో గీచెడివారు. ఈ క్రీడను నడపినవారిలో పెక్కురు నౌకాదళ స్త్రీవిభాగమునకు చెందిన యువతులు. అడ్మిరల్ మాక్స్ హార్టన్ అచ్చటికి వచ్చి జలాంతర్గామి నాయకుడుగా ఆడగా, జానెట్ ఓకెల్ అను యువతి అతనిని 5 మార్లు ముంచెనని చెప్పుదురు. హార్టన్ మొదటి ప్రపంచయుద్ధమున పేరుగాంచిన జలాంతర్గామి యోధుడు. అయినను ఫలితమును ఎవరును తిరుగవ్రాయలేదు.

ఆ 1942 మే నెల మొదటి దినములలోనే జపాను నౌకాధిపతులు యమాటో యను యుద్ధనౌకపై మిడ్వే దండయాత్రను బల్లమీద ఆడి చూచిరి. తీర్పరియైన ఒకుమియా పాచికలు వేసి, విమానముల దాడివలన 9 దెబ్బలు తగిలెననియు, అకాగి, కాగా యను రెండు విమానవాహక నౌకలు మునిగెననియు నిర్ణయించెను. క్రీడకు అధ్యక్షుడైన అడ్మిరల్ ఉగాకి అడ్డుపడి దెబ్బలను 3కు తగ్గించెను. అకాగి తేలెను. కాగా మునిగినట్లే యెంచబడినను, తరువాతి ఘట్టమున అదియును మరల బ్రతికి వచ్చినది! ఒకుమియా తరువాతి కాలమున ఫుచిదాతో కలిసి రచించిన గ్రంథమున ఈ వృత్తాంతము కలదు. జూన్ 4వ తేదీన నిజమైన యుద్ధమున అకాగి, కాగా, సోర్యు, హిర్యు అను నాలుగు నౌకలును దెబ్బతిని నాశనమయ్యెను.

ఇచ్చట తొందరపడరాదు. ఎత్తున నెగురు పెద్ద విమానముల బాంబులు కదలు ఓడలకు తగులుట యరుదు. మిడ్వేనుండి లేచిన అట్టి విమానములు నిజముగా ఒక్క దెబ్బయు కొట్టలేకపోయెను. కనుక 9 దెబ్బలు అధికమను ఉగాకి తలంపు సరియైనదే కావచ్చును. తప్పు సంఖ్యలో లేదు, పద్ధతిలో నున్నది. క్రీడకు ముందు పట్టికను దిద్దియుండిన నెవరును తప్పుపట్టరు. పాచిక పడిన పిమ్మట అధికారబలమున దానిని త్రిప్పుటచే, ఆ గదిలోనివారికందరకు ఈ బల్లపై మనము ఓడమను నమ్మకము కలిగెను. అప్పటినుండి అది పరీక్ష కాక వేడుక యయ్యెను.

మన పాఠశాలలలో ఇట్టి క్రీడ జరుపునప్పుడు ఈ యపాయము మరింత దగ్గర. ప్రధానోపాధ్యాయుడో, బొమ్మలు కొనియిచ్చిన పెద్దమనిషియో, పై తరగతి విద్యార్థియో బల్లయొద్దకు వచ్చి, “అది యట్లు కాదు” అనినచో, తీర్పరియైన బాలుడేమి చేయగలడు? కావున పెద్దలు ఆటగాండ్రుగా రావలెను. లేదా ప్రేక్షకులుగా మౌనము వహింపవలెను. జట్లను చీట్లు వేసి విభజింపవలెను. ప్రతి బల్లకు ఒక తీర్పరియు, ఏ బల్లకును కట్టుపడని ప్రధాన తీర్పరి యొకడును ఉండవలెను. కూడికలో పొరపాటు దొరలిన, ఆ ఆవృత్తి ముగియులోపల దిద్దవచ్చును. ముగిసిన పిమ్మట దిద్దరాదు. ఏలయన ఆ బల్లపై జరిగినదానిని నమ్మి తక్కిన బల్లలవారు అప్పటికే సేనలను కదల్చియుందురు. ఒకనికి న్యాయము చేయబోయి పదిమందికి అన్యాయము చేసినట్లగును.

ఉభయపక్షముల నమ్మకమును పొందుటకు 1974లో సాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయమున అవలంబించిన మార్గము నాకు మిక్కిలి నచ్చినది. 1940లో జర్మనీ తలపెట్టి విడిచిన ఇంగ్లాండు దండయాత్రను అచ్చట ఆడి చూచిరి. తీర్పరులు ఆరుగురు: ముగ్గురు ఆంగ్లేయులు, ముగ్గురు జర్మనులు. జర్మన్ విమానదళ నాయకుడుగా నుండిన గాలండ్ వారిలో నొకడు. దండయాత్ర విఫలమగునని ఆ యార్గురును ఏకవాక్యముగా తేల్చిరి. ఓడిన పక్షమువారి తీర్పరులే ఓటమిని చెప్పినప్పుడు దానిని కాదను వారెవరు?

కాలమునుగూర్చియు ఒకమాట. హెచ్. జి. వెల్స్ 1913లో ప్రకటించిన లిటిల్ వార్స్ అను పుస్తకమున ప్రతి 30 మంది సైనికులకు ఒక నిమిషము, ప్రతి ఫిరంగికి ఒక నిమిషము చొప్పున కాలము నియమించెను. 110 మందియు 3 ఫిరంగులును గలవానికి 7 నిమిషములు. పెద్ద క్రీడలో ఇది మరింత యవసరము. ఒక నాయకుడు అరగంటసేపు గడ్డము నిమురుకొనుచుండగా, దూరపు బల్లయొద్ద నున్న చిన్న తరగతి బాలుడు ఉత్తరువునకై ఎదురుచూచుచు నిద్రించుట కూడ అన్యాయమే. మరియు కడపటి ఆవృత్తి ఏదియో ముందుగా తెలుపరాదు. తెలిపినచో, రేపటి చింతలేని నాయకులు తమ సేనలన్నిటిని మంటలోనికి త్రోయుదురు. ఆఖరి అరగంటలో తీర్పరి ప్రతి ఆవృత్తికిని పాచిక వేసి, 6 పడిననాడు గంట కొట్టవలెను.

యుద్ధము నాటగా చేయుట బాలురకు తగునా యని తలిదండ్రులు కొందరడుగుదురు. తగిన ప్రశ్నయే. ఆ వెల్స్ యుద్ధమును మెచ్చినవాడు కాడు. పెద్ద యుద్ధమెంత మూఢకార్యమో ఈ చిన్న యుద్ధమాడినవాడు తెలిసికొనునని వ్రాసెను. ఆ మరుసటి యేడే మహాయుద్ధము వచ్చెను గనుక ఆ పుస్తకమును చదివినవారందరు దానిని తెలిసికొనిరని చెప్పజాలము. అయినను, తాను పంపిన ఉత్తరువు చేరక తన దళము నశించుట చూచిన బాలుడు, చలనచిత్రమున యుద్ధమును చూచిన బాలునికన్న ఎక్కువయే యెరుగును.

గంట కొట్టిన పిమ్మట బల్లలను వెంటనే తీసివేయరాదు. ఒక గంటసేపు అందరును ఒక గదిలో కూర్చుండవలెను. దినమంతయు వ్రాసిన ఉత్తరువుల చీటీలను తీర్పరి వరుసగా విప్పి, ఏది యెప్పుడు చేరినదో, ఏది దారిలో నిలిచిపోయినదో పైకి చదువవలెను. ప్రతి తీర్పునకును కారణమును అప్పుడు అడుగవచ్చును. తీర్పరి జవాబు చెప్పవలెను.