విహారయాత్రలో వెనుక మిగిలే మిత్రుడు

విహారయాత్ర ప్రస్తావన రాగానే మనలో మొదట పుట్టేది చూడదగిన స్థలాల జాబితా. గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియము, సాయంకాలము హుస్సేన్‌సాగర్: ఒక్క రోజులో నాలుగు! అంతా నిర్ణయమైన తరువాత ఎవరో ఒకరు చంకకర్రలతో నడిచే మిత్రుని వైపు తిరిగి, "నీవు కూడా రావోయ్, మేమంతా లేమా?" అంటారు. ఆ పిలుపులో ప్రేమ లేకపోలేదు. కాని జాబితా సిద్ధమైన తరువాత పిలువబడినవాడు అతిథి అవుతాడే గాని సహయాత్రికుడు కాడు. అతని నడకను బట్టి ఆ రోజును కూర్చుకొనవలెనని మా అభిప్రాయము.

గోల్కొండ సంగతే చూడండి. బాలాహిస్సార్ పైకి చేరుటకు సుమారు 360 మెట్లు. క్రింద ద్వారమండపములో చప్పట్లు కొడితే పైన వినిపిస్తుందన్నది అందరికీ తెలిసినదే. అందుచేత "నీవు క్రింద చప్పట్లు కొట్టు, మేము పైన వింటాము" అని మిత్రునికొక పాత్ర కల్పించి తృప్తిపడేవారున్నారు. ఎంతసేపు కొడతాడు పాపము! చప్పట్లు రెండు నిమిషాలు. మిగిలిన కాలమంతా సంచులకూ, టిఫిన్ డబ్బాలకూ కాపలా. ఎత్తుకొని పోతామనేవారి భుజబలాన్ని మేము శంకించము. అయితే ఇరవై ఏళ్ల యువకుడు నలుగురు చూస్తుండగా మరొకరి వీపునెక్కుటకు ఇష్టపడతాడా? ఆ మాట అతనినే అడగవలెను, అదీ ఏకాంతముగా. పదిమంది ఎదుట అడిగితే "నాకేమీ ఫరవాలేదు, మీరు వెళ్లిరండి" అన్న జవాబే వస్తుంది. అది అతనికి చిన్ననాటి నుంచి కంఠస్థమైన జవాబు.

కావున ఆ రోజుకు గోల్కొండను విడిచిపెట్టుదాము. చార్మినార్ వేరు. 1591లో వెలసిన ఆ కట్టడములో పైకి 149 మెట్లు ఉన్న మాట నిజమే, అవీ ఇరుకైన చుట్టుమెట్లు. కాని నాలుగు దిక్కుల వీధులకు నడుమ నిలిచిన ఆ కమానుల అందము క్రింది నుంచి చూచినప్పుడే ఎక్కువ. ఎవరమూ ఎక్కకపోతే పోయేదేమీ లేదు. చుట్టూ వాహనాలను నిలిపి రాళ్లు పరచినందువల్ల తిరుగుట సుఖమే. అయితే ఆటో ఆగే చోటి నుంచి ఎంత నడవవలసి ఉన్నదో ముందే చూచుకొనవలెను.

రోజులో ప్రధానభాగము సాలార్‌జంగ్ మ్యూజియానికి ఇచ్చుట మంచిది. 1968 నుంచి మూసీ తీరాన సొంత భవనములో ఉన్నది. అక్కడ లిఫ్టు, చక్రాల కుర్చీలు ఉన్నాయి. ఆనాడు లిఫ్టు పనిచేస్తున్నదా అని ముందుగా ఫోనులో కనుక్కొనుట మరువరాదు. మన వంటి కళాశాలలలో శుక్రవారము తీరిక దొరుకుతుంది గనుక ఆనాడే బయలుదేరుట ఆనవాయితీ. కాని మ్యూజియానికి సెలవు శుక్రవారమే! పన్నెండు గంటలకు సంగీత గడియారము వద్ద జనము క్రిక్కిరిసి ఉంటారు. పదకొండుకే చూచినా గంట కొట్టే బొమ్మ అదే; దెబ్బ ఒకటి తక్కువ, అంతే.

2017లో ప్రారంభమైన మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. ఎంజీబీఎస్ స్టేషనులో దిగి అక్కడి నుంచి ఆటోలో పోవచ్చును. సిటీ బస్సుల ఎత్తయిన మెట్లతో పోలిస్తే ఇది ఎంతో నయము.

అన్నిటికంటె ముఖ్యమైనదీ, ఎవరమూ నోరు విప్పనిదీ ఒకటున్నది. ఇటువంటి మిత్రులలో పలువురు యాత్రనాడు ఉదయము నుంచి నీరు త్రాగరు. ఉపవాసమని మనమనుకొంటాము. కారణమేమంటే క్రింద గొంతుకూర్చుని లేవలేని వానికి పనికివచ్చే మరుగుదొడ్డి దారిలో ఎక్కడున్నదో తెలియదు. ఎండవేళ దాహముతో నవ్వుతూ తిరుగుతాడు. ఫలానా చోట కుర్చీ వంటి కమోడు ఉన్నది, తలుపు ఇంత వెడల్పు ఉన్నది అని ముందు వారము ఇద్దరు వెళ్లి చూచి వచ్చి చెప్పగలిగితే, దానిని మించిన ఆతిథ్యము బిర్యానీలో కూడ లేదు.

ఇది దయాధర్మాల ప్రసక్తి కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నియమాలు వెలువడిన 5 సంవత్సరాలలోగా ప్రజలు వచ్చిపోయే భవనాలన్నీ వీరికి అనువుగా మారవలసి ఉన్నది. నియమాలు 2017లో వచ్చినవి. గడువు 2022లోనే తీరిపోయినది. అయినను మోటారు సైకిళ్లు ఎక్కించుటకు మెట్ల మీద వాల్చిన పలకను చూపి ర్యాంపు అనేవారున్నారు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సులభముగా ఎక్కుతుంది. ఆరేసి అంగుళాల మూడు మెట్లకు 18 అడుగులు కావలెను. మన గ్రంథాలయము ముందు మెట్లను కూడ ఒకసారి లెక్కించి చూడవలసినదిగా కార్యవర్గము వారికి మనవి.

ఇక ఖర్చు మాట. బస్సుకు బదులు ఆటోలు పెట్టుకొంటే వ్యయము కొంత పెరుగుతుంది. దానిని ఆ మిత్రుని పేర వ్రాయుట గాని, ఒకరిద్దరు ఉదారముగా భరించుట గాని మాకు సమ్మతము కాదు. ప్రవేశ రుసుము వలెనే తలా ఒక వాటా. యాత్రల నిమిత్తము కళాశాల కేటాయించే మొత్తములో ఈ ఆటో కిరాయిని కూడ చేర్చవలెనని కార్యవర్గాన్ని కోరుతున్నాము. లెక్కలు మేమే వ్రాసి సమర్పించగలము.