గో-కార్టు చేస్తామంటే ముందు ఇరుసు గురించి అడగండి



సైన్స్ ఎగ్జిబిషన్‌కు గో-కార్టు చేస్తామని పిల్లలు అడిగితే మనం ముందు ఖర్చెంత అంటాం. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "వెనక చక్రాలు రెండూ ఇరుసుకు బిగిస్తావా, విడివిడిగా తిరగనిస్తావా?" దీనికి పిల్లలు తమంతట తాము జవాబు చెప్పేదాకా సామాను కొనివ్వవద్దని నా అభిప్రాయం.

ఎందుకంటే, మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య ఎడం 1 మీటరు ఉంటే, ఒక పూర్తి చుట్టుకు ఆ తేడా సుమారు 6.28 మీటర్లు. చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. వృత్తం చుట్టుకొలత సూత్రం వచ్చిన పిల్లలెవరైనా కాగితం మీద లెక్క తేల్చగలరు. ఎద్దుల బండికి ఈ చిక్కు లేదు. ఎద్దులు లాగుతాయి, చక్రాలు దేనికది తిరుగుతాయి. ఇంజనే ఇరుసును తిప్పాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది.

ఇంట్లో చేసే కార్టుకు దారులు మూడు.

మొదటిది, ఒక చక్రాన్నే ఇరుసుకు బిగించి, రెండోదాన్ని బేరింగు మీద వదిలేయడం. ఖర్చు తక్కువ, మలుపు సులువు. కానీ బండి కొంచెం ఒక పక్కకు లాగుతుంది. ఇరుసుకు వేసిన బ్రేకు ఒక చక్రాన్నే ఆపుతుంది కాబట్టి రెండో చక్రానికి వేరే బ్రేకు కావాలి.

రెండోది, రెండు చక్రాలూ బిగించడం. ఒకే బ్రేకుతో రెండూ ఆగుతాయి. మలుపులో మాత్రం టైరు నేలను ఈడుస్తుంది. రేసు కార్టులు ఇలాంటివే. స్టీరింగు తిప్పగానే లోపలి వెనక చక్రం కాస్త పైకి లేచేలా వాటి ముందు భాగాన్ని అమరుస్తారు. ఇంట్లో అంత కొలతగా చేయడం కష్టం.

మూడోది డిఫరెన్షియల్. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లలోనూ, మనం ఎక్కే ఆటోలోనూ ఉండేది ఇదే. రెండు చక్రాలకూ బలం ఇస్తూనే వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. కానీ బరువెక్కువ, అమర్చడం కష్టం. దీనికీ ఒక లోపం ఉంది. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండోది కదలదు. అందుకే ట్రాక్టరుకు డిఫరెన్షియల్ లాక్ ఉంటుంది. ఆమడగూరు పొలాల్లో ట్రాక్టరు నడిపేవారిని అడిగితే, దాన్ని మలుపులో ఎందుకు వేయకూడదో కూడా చెబుతారు. పిల్లలను వాళ్ల దగ్గరికి పంపండి. అదీ పాఠమే.

చదునైన మైదానంలో నెమ్మదిగా నడిచే తొలి కార్టుకు నా ఓటు మొదటిదానికే. మీ పిల్లలు వేరేది ఎంచుకుంటే నాకు సంతోషమే, కారణం వాళ్లు చెప్పగలిగితే చాలు. డబ్బిచ్చి తెచ్చిన రెడీమేడ్ కార్టుకు బహుమతి రావచ్చు. "బయటి చక్రం ఎంత ఎక్కువ నడిచింది?" అని జడ్జి అడిగితే మాత్రం బిల్లు జవాబు చెప్పదు. మీరు ఫీజు కట్టేది ఆ జవాబు కోసమే కదా.

భద్రత విషయంలో రాజీ వద్దు. వెల్డింగ్ పెద్దల చేతనే చేయించండి. చెయినుకు, ఇరుసుకు రక్షణగా రేకు మూత ఉండాలి. చున్నీ, విరబోసిన జుట్టు వద్దు, హెల్మెట్ తప్పనిసరి. ఇంట్లో చేసిన బండి రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు పడవచ్చు.

ఈసారి మీ అమ్మాయో అబ్బాయో కార్టు కావాలంటే, "ముందు ఇరుసు బొమ్మ గీసి చూపించు" అనండి. ఆ బొమ్మ మీకు అర్థమయ్యేలా వివరించిన రోజున సామాను కొనివ్వండి.