అద్దాల బీరువాలో ఎవరుండాలి?

అద్దాల బీరువా కొనడం గురించి వ్యాసం రాయవలసినంత విషయం ఏముందని మీరు నవ్వుకోవచ్చు. ఉందనే నా అభిప్రాయం. పుస్తకాల బీరువా చదివేవారికోసం, బట్టల బీరువా కట్టుకొనేవారికోసం. వాడుకలో షోకేసు అని పిలుచుకొనే ఈ అద్దాల బీరువా మాత్రం ఇంటికి వచ్చేవారికోసం పుట్టింది. కనుక మనం ఎవరిమని అనిపించుకోదలచామో అది చెప్పకనే చెబుతుంది.

ఎన్నో ఇళ్ళలో చూశాను. విమానాశ్రయంలో కొన్న ఈఫిల్ టవరు, ఏనాడూ టీ పోసి ఎరుగని పింగాణీ కప్పులు, సన్మానాల జ్ఞాపికలు నాలుగు, ప్లాస్టిక్ పూలు. అదే ఇంటి అటకమీద గోనెసంచిలో నాయనమ్మగారి ఇత్తడి మరచెంబు, కుంకుమ భరిణె, తాతగారి కళ్ళజోడు పెట్టె. ఇల్లు మారే రోజున ఆ సంచి పాత సామాన్లవాడి తక్కెడకు ఎక్కుతుంది. ఇత్తడికి ధర కడతాడు గాని, చెంబుమీద కొట్టించిన ఆవిడ పేరుకు కట్టడు. ఆ పేరు మరెక్కడా రాసి ఉండకపోవచ్చు.

అందుచేత నా మొదటి సూత్రం: వస్తువులు ముందు, బీరువా తరువాత. ఏవి పెట్టాలో నేలమీద పరచి చూసుకొని, వాటిలో ఎత్తైనదాన్ని కొలిచి, అప్పుడు దుకాణానికి వెళ్ళాలి. ఖాళీ బీరువా ముందు వస్తే దాన్ని నింపడానికి బొమ్మలు కొనవలసి వస్తుంది. సామాన్యమైన వస్తువులకు అడుగు, అడుగుంపావు లోతు చాలు. అంతకు మించితే వెనుక వరుస ఎవరికీ కనబడదు. అరలు పైకీ కిందికీ మార్చుకొనే వీలుండాలి. గాజు అరలైతే పై వెలుతురు కిందిదాకా దిగుతుంది; బరువైన కంచు, రాతి వస్తువులకు మాత్రం అడుగున చెక్క అర ఉండడం మేలు.

గోడలో కట్టించిన అర ఇంటితోనే ఉండిపోతుంది. కాళ్ళున్న బీరువా మన వెంట వస్తుంది. అద్దె ఇళ్ళలో బ్రతికేవారికి, ఊళ్ళు మారే ఉద్యోగులకు ఇదే తగినది. అయితే కాళ్ళున్నది పడిపోనూగలదు. 2016లో ఐకియా సంస్థ అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిపించింది. అవి ఒరిగి మీదపడి పసిపిల్లలు మరణించడమే కారణం. గాజుతో ఉన్నదాని సంగతి వేరే చెప్పాలా? పైభాగాన్ని గోడకు మరలతో బిగించడం, టఫెండ్ గాజునే అడిగి తీసుకోవడం తప్పనిసరి. ఈ గాజు పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాక చిన్నచిన్న ముక్కలవుతుంది.

ఇక వెలుతురు మాట. కొండపల్లి బొమ్మను తేలికైన తెల్లపొణికి కర్రతో చేసి, విడిభాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రమీద లక్క పూత. ఇటువంటి వాటిని చెమ్మగోడకు ఆనించకూడదు, ఎండ పడే కిటికీ ఎదుట నిలపకూడదు. ఎండకు వెలిసిన రంగు తిరిగి రాదు. వస్త్రాలు, కాగితపు చిత్రాల వంటి సున్నితమైన వాటిమీద 50 లక్స్ మించి వెలుతురు పడనీయకపోవడం మ్యూజియంల ఆనవాయితీ. లోపల దీపం కావాలంటే వేడి తక్కువైన ఎల్ఈడీ పెట్టి, అతిథులున్నంతసేపు వెలిగిస్తే సరిపోతుంది.

వెనుక పలకకు అద్దం బిగించడం మనవారికి మహా ఇష్టం. పది బొమ్మలు ఇరవైగా కనిపిస్తాయి కదా! హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక చెక్క శిల్పం ఉంది. ముందువైపు మెఫిస్టాఫిలిస్, వెనుకవైపు మార్గరెట్టా. ఆమెను చూపడానికి వెనుక అద్దం నిలిపారు. అక్కడ అద్దానికి పని ఉంది. వీపున చెప్పవలసిన కథ లేని బొమ్మ వెనుక లేతరంగు చెక్క చాలు.

అమర్చడంలో మనకు గురువు బొమ్మల కొలువే అంటాను. సంక్రాంతికో దసరాకో బొమ్మలు పెట్టెలోంచి దిగుతాయి, మెట్లెక్కుతాయి, పేరంటాళ్ళను పిలుస్తాయి, పండుగ కాగానే పాతబట్టల్లో చుట్టుకొని మళ్ళీ నిద్రపోతాయి. ఏడాది పొడవునా కనబడవు కనుకనే కనబడినప్పుడు కళ్ళు విప్పి చూస్తాం. షోకేసులోనివి పదేళ్ళు కదలవు. పదో రోజునుంచే అవి మనకు కనబడడం మానేస్తాయి. కనుక అరకు మూడు నాలుగు వస్తువులే ఉంచి, తక్కినవి లోపల దాచి, పండుగకొకసారి మార్చండి. నడుమ కొంత ఖాళీని కూడా ఒక వస్తువుగానే లెక్కపెట్టండి.

తలుపుకు తాళం ఉండవచ్చు గాని, తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియాలి. మరచెంబును చేతిలోకి తీసుకొని, మర తిప్పి చూసి, "ఈ పేరెవరిది?" అని మనవరాలు అడగగలిగితే ఆ బీరువా తన పని చేసినట్టే. చెంబు పగిలే వస్తువు కాదు. జవాబు చెప్పవలసిన మనమే ఎల్లకాలం ఉండేవాళ్ళం కాము.