శంకయే సాక్ష్యమా?

రాజ్యము ప్రజలకు జాబు వ్రాయుట సామాన్యముగ పన్ను కొఱకో, పటాలము కొఱకో జరుగును. నీ తోడివారిలో హంతకు డొకడున్నాడు, వానిని మాకు చూపుమని వ్రాయుట అరుదు. అట్టి జాబొకటి 2002 జనవరి చివర అమెరికా ఐక్యరాష్ట్రములలో బయలుదేరెను. ఫెడరల్ దర్యాప్తు సంస్థ వాషింగ్టను కార్యాలయాధిపతి దానిని వ్రాసెను. అమెరికా సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుల సంఘములోని 40,000 మందికి పైబడిన సభ్యులకు అది చేరెను. రెండు దశాబ్దములు దాటిన ఆ జాబును నేడు మరల విప్పి చదువుట యేల యని పాఠకు లడుగవచ్చును. జాబు పాతదే. అందులోని బుద్ధి మాత్రము పాతబడలేదు. సముద్రమున కావలనే కాదు, ఈవలను అది బ్రతికియే యున్నది.

ముందు నేరమును చెప్పవలెను. 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరము జరిగి వారము గడచెనో లేదో, న్యూజెర్సీ రాష్ట్రమున ట్రెంటన్ తపాలా ముద్రతో కొన్ని కవరులు బయలుదేరెను. సెప్టెంబరు 18 ముద్రగలవి న్యూయార్కులోని పత్రికలవారికి, అక్టోబరు 9 ముద్రగలవి టామ్ డాష్ల్, పాట్రిక్ లేహీ యను ఇద్దరు సెనేటరులకు. కవరులో నున్నది పొడి. పొడిలో నున్నది ఆంథ్రాక్సు. మన పల్లెలలో పశువులకు వచ్చు దొమ్మరోగము నెఱిగినవారికి ఆ పేరు క్రొత్త కాదు. ఐదుగురు చనిపోయిరి. 17 గురు జబ్బుపడిరి. ఇంతటి ఘాతుకమును చేసినవానిని పట్టుకొనుట ప్రభుత్వమునకు హక్కు మాత్రమే కాదు, ధర్మము. ఆ ధర్మమును మేము తగ్గించి చెప్పుట లేదు. ఆ ధర్మము పేర జరిగిన పనినే విమర్శించుచున్నాము.

ఆ జాబు ఏమి చెప్పెను? ఈ పని ఒక్కని పనియే కావచ్చుననెను. మీలో ఒకరికో కొందరికో ఆతడు తెలిసియే యుండుననెను. ఆతనికి ప్రయోగశాలలో ప్రవేశ ముండును. వేళకాని వేళల అచట పనిచేసి యుండవచ్చును. నలుగురితో కలియక ఒంటరిగ పనిచేయుట కిష్టపడువాడు కావచ్చును. ఇట్టివాని జాడ తెలిపినవారికి 25 లక్షల డాలర్ల వరకు బహుమానము!

పాఠకులారా, ఈ లక్షణములను మరల నొకసారి చదువుడు. రాత్రివేళ ప్రయోగశాలలో దీపము వెలిగించుకొని కూర్చుండని శాస్త్రజ్ఞు డెవ్వడు? మాటకారి కాకుండుట, సభలకు దూరముగ నుండుట, తన పని తాను చూచుకొనుట ఏ శిక్షాస్మృతిలో నేరములు? ఇది హంతకుని ఆనవాలు కాదు, విద్వాంసుని స్వభావము. గుమ్మడికాయల దొంగ యెవడని సంతలో కేకవేసి, ఎవడు భుజములు తడవుకొనునో చూచుట పల్లెటూరి గ్రామాధికారి యుపాయము కావచ్చును. 40,000 మంది చదువరుల నడుమ మహారాజ్య మొకటి ఆ కేక వేసినచో భుజములు తడవుకొనువాడొక్కడు కాడు. ప్రతివాడును తన ప్రక్కవాని భుజమును చూచును.

“ఐదుగురి ప్రాణములు పోయినపుడు ఈ సున్నితము లేల? తెలిసినది చెప్పుమనుట తప్పా?” యని యొక యాక్షేపణ కలదు. బలమైన యాక్షేపణయే. తెలిసినది చెప్పుట తప్పు కాదు, చెప్పకుండుటయే తప్పు. కాని తెలిసినది వేరు, తోచినది వేరు. కన్నవాడు కన్నది చెప్పవలెను, విన్నవాడు తాను విన్నది చెప్పవలెను. నోటిమాట సాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెనని 1872 నాటి మన సాక్ష్య చట్టము విధించెను. దాని స్థానమున వచ్చిన 2023 నాటి చట్టమును ఆ నియమమును విడువలేదు. ఇది వకీళ్ల చాదస్తము కాదు. పగ, అసూయ, భయము, ఆశ యను నాలుగింటిని న్యాయస్థానపు గడప దాటనీయకుండ అనేక తరముల అనుభవము కట్టిన గోడ. “ఏ సీసా, ఏ తేదీని, ఎవరికి పంపబడినది?” యని యడుగుట దర్యాప్తు. “మీలో ఎవనిని చూచిన మీకు అనుమానము కలుగుచున్నది?” యని యడిగి ప్రక్కన ధనపు మూట పెట్టుట దర్యాప్తు కాదు, వేగులవానిని నియమించుట. ఆ గోడకు గండి కొట్టుట.

అట్టి గండినుండి ఏమి వచ్చునో ఈ జాబు పుట్టకముందే ఆ సంస్థ చూచియున్నది. ఆంథ్రాక్సు సంగతి లోకమునకు వెల్లడి కాకముందే, ఈజిప్టున జన్మించి అమెరికా పౌరుడై ఆ దేశపు సైనిక ప్రయోగశాలలో పనిచేసిన ఒక శాస్త్రజ్ఞునిపై, ఆతడు విషక్రిమి యుద్ధమునకు పూనుకొనగలడని ఆకాశరామన్న యుత్తర మొకటి దర్యాప్తువారికి చేరెను. 2001 అక్టోబరు 3న ఆతనిని పిలిచి ప్రశ్నించిరి. ఏమియు లేదని పంపివేసిరి. ఆతడు నిర్దోషి. ఉత్తరము వ్రాసినవాడెవ్వడో నేటికిని బహిరంగముగ తేలలేదు. పేరు లేని చేయి పేరున్నవానిని పొడిచినది. ఇది చూచియు నాలుగు మాసములకే ఆ సంస్థ 40,000 మందికి కలము చేతికిచ్చి, ఇక మీరు వ్రాయుడనెను!

పిమ్మట జరిగినది లోకవిదితము. స్టీవెన్ హాట్‌ఫిల్ అను వైద్యునిపై అనుమానము వాలెను. 2002 జూనులో, మరల ఆగస్టులో, ఆతని యిల్లు సోదా చేసిరి. ఆగస్టులోనే అమెరికా అటార్నీ జనరల్ జాన్ ఆష్‌క్రాఫ్ట్ టెలివిజనులో ఆతనిని “ఆసక్తికి పాత్రుడైన వ్యక్తి” యని పేర్కొనెను. ఈ మాటకు ఏ చట్టములో నర్థమున్నది? ముద్దాయి యనినచో విచారణ జరుపవలెను. సాక్షి యనినచో గౌరవింపవలెను. ఈ రెండును గాని మూడవ జాతినొకదానిని మంత్రివర్యుడు సృష్టించెను. ఆతని యుద్యోగము పోయెను. దర్యాప్తువారు ఆతని వెంబడి బండ్లు నడిపిరి. 2003 మే నెలలో అట్టి బండి యొకటి ఆతని పాదముపై నుండి పోగా, పోలీసులు జరిమానా వేసినది బండివానికి గాదు, హాట్‌ఫిల్‌కు! ఐదు డాలర్లు, వీథిలో ప్రమాదకరముగ నడచినాడట. ఆ యేడే మేరీలాండులో ఒక చెరువును తోడించి అడుగు వెదకిరి. దొరికినది బురద. 2008లో ప్రభుత్వము 58 లక్షల డాలర్ల పైచిలుకు పరిహారమునకు ఒడంబడి, ఆ నేరముతో ఆతనికి సంబంధము లేదని జాబు వ్రాసి యిచ్చెను. నిందకు టెలివిజను; నిర్దోషిత్వమునకు ఒక కాగితము. ఆరేండ్ల మానమునకు ప్రజల పన్నులనుండి వెల కట్టిరి. తప్పు చేసినవారి జేబునుండి ఒక్క కాసైనను కదలలేదు.

తుదకు దర్యాప్తు తేల్చిన దేమి? ఫోర్ట్ డెట్రిక్ సైనిక ప్రయోగశాలలోని బ్రూస్ ఐవిన్సు అను శాస్త్రజ్ఞుడే దోషి యని. ఆతడు నేరారోపణకు ముందే 2008 జూలై 29న ఆత్మహత్య చేసుకొనెను. 2010 ఫిబ్రవరిలో వ్యవహారమును మూసివేసిరి. ఏ జూరీయు విననిదే, ఏ న్యాయమూర్తియు తీర్పు చెప్పనిదే, ఒక మృతుడు దోషిగ చరిత్రలో వ్రాయబడెను. ఆ పొడి ఆతని సీసాలోనిదే యని కేవల శాస్త్ర పరీక్షలచేత నిశ్చయముగ తేల్చుట సాధ్యము కాదని 2011లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన సంస్థల విద్వాంసులే ప్రకటించిరి. ఆతడు దోషియో కాదో చెప్పుట మా పని కాదు. న్యాయస్థానము చెప్పనిదానిని మేము చెప్పజాలము. కాని దర్యాప్తువారి మాటయే నిజమనుకొందము. ఆతడు మొదటినాళ్లలో ఆంథ్రాక్సు నమూనాలను పరీక్షించుటలో వారికే తోడ్పడినవాడు! చంకలో పిల్లవాని నుంచుకొని ఊరంతయు వెదకుట యనగా నిదియే కదా? 40,000 మందికి వ్రాసిన జాబు వారి కళ్ల యెదుటి మనుష్యుని చూపలేదు. మరియొకని యిల్లు కూల్చెను.

ఇంతమంది సంజాయిషీ యడిగిన రాజ్యమును తిరిగి సంజాయిషీ యడుగవలసిన విషయ మొకటి కలదు. అక్టోబరు 15న డాష్ల్ కార్యాలయమున విషపు కవరు తెరువబడెను. అచటి యుద్యోగులకు వెంటనే పరీక్షలు, వెంటనే మందులు. ఆ కవరు సెనేటు మేడకు నడచి పోలేదు. బ్రెంట్‌వుడ్ తపాలా శాల యంత్రములగుండ పోయెను. ఆ శాలలో పని అక్టోబరు 21 వఱకు సాగుచునే యుండెను. కవరు మూసియున్నంతవఱకు విషము బయటికి రాదని పెద్దలు నమ్మిరట! ఆ శాలలోని ఇద్దరు కార్మికులు 21న ఒకరు, 22న ఒకరు మరణించిరి. రెండేండ్లకు పైగ మూతబడిన ఆ శాలను 2003 డిసెంబరులో వారిరువురి పేర మరల తెరచిరి. పేరు పెట్టుట మంచిదే. మందు పెట్టియుండినచో ఆ పేళ్లు గోడమీద గాక ఇంటివారి నోట నుండెడివి. పెద్దల బల్లపై పడిన పొడి విషము, బట్వాడావాని చేతికంటిన పొడి ధూళియా?

అనుమానమును ఆధారముగ గొనుటవలన నేరగానికే మేలు కలుగునని 2013లో మరల రుజువయ్యెను. ఆముదపు గింజలనుండి తీసిన రైసిన్ విషము పూసిన జాబులు ఒబామా అధ్యక్షునికిని, ఒక సెనేటరుకును, మిసిసిపీలో ఒక న్యాయాధికారికిని పోయెను. జాబులలోని పొడియక్షరములను, ధోరణిని చూచి మిసిసిపీలో ఒకనిని ఏప్రిల్ 17న నిర్బంధించిరి. 23న విడిచిపెట్టిరి. ఆతనిపై పగబట్టిన వేఱొకడు ఆతని మాటలతోనే ఆ జాబులు కూర్చెను. ఆ రెండవవాడు 2014లో నేర మొప్పుకొని 25 ఏండ్ల శిక్ష పొందెను. 2001 నాటి జాబులలోను అమెరికాకు చావు కోరు మాటలు వ్రాసి, శంక ఒక మతమువారిపైకి పోవునట్లు చేసిరి. విషపు జాబు వ్రాయువానికి రెండు విషములు తెలియును. ఒకటి పొడిలో నుండును, రెండవది అక్షరములలో. మొదటిదానికి మందు కలదు. రెండవదానిని మ్రింగుటయా మానుటయా యనునది దర్యాప్తువారి వివేకము.

ఇక తపాలా సంగతి. మూసిన కవరు ఇంటిలోని కాగితముతో సమానమనియు, వారంటు లేక విప్పరాదనియు అమెరికా సుప్రీము కోర్టు 1878లోనే చెప్పినది. 2001 భయము తరువాత అచటి తపాలా శాఖ ప్రతి కవరు పైభాగమును ఛాయాచిత్రము తీయసాగెను. 2012 ఒక్క యేట సుమారు 16,000 కోట్ల తపాలా! ఈ సంగతి ప్రజలకు తెలిసినది 2013లో. లోపలిది చదువలేదు కదా యందురు. ఎవడు ఎవనికి వ్రాయుచున్నాడో తెలిసిన పిదప చదువుటకు మిగిలిన దెంత? మన దేశమునను 1898 నాటి పరప్రభుత్వపు తపాలా చట్టము పోయి, 2023 నాటి చట్టము 2024 జూన్ 18న అమలులోనికి వచ్చెను. జాబులను అడ్డగించి విప్పు అధికారము మాత్రము పోలేదు. రాజ్య భద్రత, శాంతి భద్రతలు మొదలగు విశాల పదముల క్రింద 9వ సెక్షనులో భద్రముగ కూర్చుండెను. పరుల చేతిలో నున్నపుడు దుర్మార్గమైన కత్తి, మన చేతికి వచ్చినంతమాత్రమున పూలదండ యగునా?

నేడు వేలకొలది తెలుగు బిడ్డలు అమెరికా ప్రయోగశాలలలోను విశ్వవిద్యాలయములలోను ఉన్నారు. వేళకాని వేళల పనిచేయువారు, పరదేశమున కొంత ఒంటరిగ మెలగువారు వారే. అట్టి జాబు రేపు వారి బల్లపై వ్రాలినచో ఏమి చేయవలెను? దాచవలదు, దాచుట నేరస్థునికి తోడ్పాటు. కల్పింపవలదు, ఫెడరల్ అధికారికి బుద్ధిపూర్వకముగ అబద్ధము చెప్పుట ఆ దేశమున స్వయముగ ఒక నేరము. తేదీతో, స్థలముతో, తాను కన్నదానినే చెప్పవలెను. “నీ కెవరిపై ననుమానము?” అనిన ప్రశ్నకు “నాకు తెలిసినది చెప్పితిని, తోచినది చెప్పను” అని యుత్తర మీయవలెను. వకీలును సంప్రతింపక నోరు విప్పనను హక్కు, తనకు తాను వ్యతిరేకముగ సాక్ష్యమీయనను హక్కు అచట పౌరునికే గాక పరదేశికిని కలవు. హక్కును వాడుకొనువానిని దోషి యనుకొనుట అజ్ఞానము. కవరునుండి అనుమానాస్పదమైన పొడి రాలినచో దానిని విదల్పక, వాసన చూడక, అచటనే విడిచి, చేతులు కడుగుకొని, అధికారులకు తెలుపవలెను. అంతవఱకే పౌరుని విధి.

రాజ్యమునకు మా మాట యొక్కటే. ప్రజలను సాక్షులుగ పిలువుడు, వత్తురు. వేగులుగ పిలిచినచో మంచివారు రారు. వచ్చినవారు మంచివారు కారు. ఒక దుష్టుని పట్టుటకై నలుబది వేలమందిని ఒకరికొకరిని శత్రువులుగ చేసిన రాజ్యము, ఆ దుష్టుడు కోరిన పనినే చేసిపెట్టినది.