డిప్‌స్టిక్ విరిగిందా... తాళం తిప్పకండి!

ఊరెళ్లేముందు ఆయిల్ ఎంతుందో చూద్దామని బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగితే... పిడి ఒక్కటే చేతికొస్తుంది. మిగతాది గొట్టంలోనే ఉండిపోతుంది! ఇంట్లోవాళ్లంతా తయారై గుమ్మంలో నిలబడి ఉంటారు. ‘ఇప్పటికి వెళ్లొద్దాం, వచ్చాక చూపించుకోవచ్చు’ అనిపించడం సహజం. చిన్న రిపేరు కాస్తా పెద్ద ఖర్చయ్యేది అక్కడే.

ఎందుకంటే డిప్‌స్టిక్ దూరే ఆ సన్నటి గొట్టం ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంప్‌కి దారి. సంప్ పైనే క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటుంది. పిడి ఉన్నంతవరకూ స్టిక్ దానికి తగలకుండా పక్కనుంచి దిగి ఆగుతుంది. పైన పట్టు పోయిన ఇనుప బద్ద ఇంకాస్త కిందికి జారితే షాఫ్ట్‌కి తగలొచ్చు. ప్లాస్టిక్ ముక్కలతో ఇబ్బంది వేరు. సంప్ అడుగున ఆయిల్ పీల్చుకునే చోట ఓ జల్లెడ ఉంటుంది. ముక్కల్ని పంపులోకి వెళ్లనివ్వకుండా ఆపడమే దాని పని. కానీ అవన్నీ చేరి జల్లెడనే మూసేస్తే? పంపుకి ఆయిల్ అందదు. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగేసరికే బేరింగులు దెబ్బతినడం మొదలవ్వొచ్చు.

ఇంతకీ అది ఎందుకు విరుగుతుంది? చాలాసార్లు ఇంజిన్ వేడివల్లే. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్లున్న పాత ఫోక్స్‌వాగన్, ఆడి కార్లు ఈ విషయంలో పేరుమోసినవి. వాటిలో ఇనుప గొట్టం పైన నారింజ రంగు ప్లాస్టిక్ గరాటు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది అప్పడంలా పెళుసెక్కుతుంది. స్టిక్ లాగినప్పుడో, తిరిగి పెట్టినప్పుడో ముక్కలై గొట్టంలోకి రాలుతుంది.

తీసేముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గొట్టం మూతి చుట్టూ ఉన్న దుమ్మంతా తుడవాలి, లేదంటే అదీ లోపలికే పోతుంది. ఆ తర్వాత టార్చిలైటు వేసి చూడాలి. ముక్క కొస కనిపిస్తుంటే సన్నటి నోస్ ప్లయర్‌తో పట్టి మెల్లగా పైకి లాగొచ్చు. గొట్టంలో ఇరుక్కున్నది ప్లాస్టిక్ అయితే పొడవాటి సన్నని చెక్క స్క్రూ బాగా పనికొస్తుంది. కిందికి నొక్కకుండా నెమ్మదిగా తిప్పితే ప్లాస్టిక్‌ని కరుచుకుంటుంది, అప్పుడు తిన్నగా లాగేయడమే. స్క్రూ కొసకి కాస్త గ్రీజు రాస్తే చిన్న పలుకులూ అంటుకుని వస్తాయి.

చుట్టూ చేరినవాళ్ల సలహాలకు మాత్రం కొదవుండదు. అయస్కాంతం పెట్టమంటాడొకరు. ప్లాస్టిక్ దానికెలాగూ రాదు. స్టిక్ ఇనుపదే అయినా చాలా కార్లలో గొట్టమూ ఇనుపదే కాబట్టి అయస్కాంతం ముందు దాని గోడకే అతుక్కుంటుంది. టైర్ల షాపుకి తీసుకెళ్లి గాలి కొట్టిద్దామంటారు ఇంకొకరు. పైకి రావాల్సిన ముక్కని చేజేతులా సంప్‌లోకి పంపడమే అది! ‘చువ్వతో లోపలికి తోసేయ్, అడుగున పడుంటుంది’ అనేది అన్నింటికన్నా ప్రమాదకరమైన సలహా.

రెండు మూడు ప్రయత్నాల్లో రాకపోతే ముక్కతో కుస్తీ మానేసి గొట్టాన్నే ఊడదీయడం తెలివైన పని. చాలా కార్లలో దాన్ని పట్టి ఉంచేది ఒక్క బోల్టే. కింది కొస ఇంజిన్‌లోకి ఓ రబ్బరు రింగుతో బిగిసి ఉంటుంది. బయటికి తీశాక కిందినుంచి తోస్తే ముక్క పైనుంచి వచ్చేస్తుంది. గొట్టం తిరిగి బిగించేటప్పుడు రింగు కొత్తది వేయించాలి, లేకపోతే ఆయిల్ కారుతుంది. ముక్క అప్పటికే సంప్‌లో పడిపోయి ఉంటే ఇంట్లో చేసే పని కాదు. కారుని తోలుకెళ్లకుండా లాగించుకెళ్లి, మెకానిక్‌తో ఆయిల్ తీయించి సంప్ విప్పించాలి. ఎలాగూ విప్పారు కాబట్టి జల్లెడనీ కడిగించుకోవాలి.

కొత్త స్టిక్ కొనేటప్పుడు కారు మోడలుతోపాటు ఇంజిన్ కూడా చెప్పాలి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా పొడవులో తేడా ఉంటుంది. పొట్టిది పెడితే ఆయిల్ సరిపడా ఉన్నా తక్కువ చూపిస్తుంది, పొడవుది పెడితే తక్కువున్నా నిండుగా కనిపిస్తుంది. పాతసామాను కొట్లో కొనేవాళ్లు దీన్ని అస్సలు మరిచిపోకూడదు. అది దొరికేదాకా గొట్టం మూతిని శుభ్రమైన గుడ్డతో కట్టి ఉంచాలి.

ఇక బయటికి తీసిన ముక్కల్ని అక్కడే పారేయకండి. కొత్త స్టిక్కూ, గరాటూ పక్కన పెట్టి పాతవాటిని వరుసగా పేర్చి చూడండి. ఎక్కడైనా ఖాళీ కనిపించిందంటే ఓ ముక్క ఇంకా లోపలే ఉందన్నమాట.