వివియన్ లీ: పేరును, ప్రతిష్ఠయు, వ్యాధియు



ఈ శీర్షిక క్రింద ఇంతవఱకు విదుషీమణులను గూర్చియు, దేశసేవికలను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఒక సినిమా తారను గైకొంటినని కొందఱు నొసలు చిట్లింతురేమో! అయినను ఈమె కథలో మన యిండ్లలోని పెద్దలు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు గావున వ్రాయుచున్నాను.

వివియన్ హార్ట్లీ ఆంగ్లేయుల బిడ్డయైనను మన దేశముననే, డార్జిలింగులో, 1913 నవంబరు 5 వ తేదీన పుట్టెను. తండ్రి కలకత్తాలో వ్యాపారము చేయుచుండెడివాడు. ఆఱేండ్ల పసికూనను 1920 లో ఇంగ్లండుకు గొనిపోయి, క్రైస్తవ సన్న్యాసినుల పాఠశాలలో విడిచిరి. పందొమ్మిదవ యేట, 1932 లో, ఆమె హెర్బర్ట్ లీ హోల్మన్ అను న్యాయవాదిని పెండ్లాడెను. అతడు ఆమెకంటె పదుమూడేండ్లు పెద్దవాడు, నెమ్మదియైనవాడు, నాటకముల వారన్న అంతగా గౌరవము లేనివాడు. మఱుసటి యేడు సుజాన్ అను కూతురు కలిగెను. కాని ఆమె మనసు ఇంట నిలువక రంగస్థలమునే కోరెను. 1935 లో ఒక నాటకముతో లండను నగరమంతయు ఆమె పేరు మాఱుమ్రోగెను. ఆ పేరు ఎట్టిదనుకొన్నారు? భర్త పేరులోని 'లీ' అను మాటను గ్రహించి తన పేరున జేర్చుకొనెను. ఆ భర్తను విడిచిన పిదపను ఆ పేరును మాత్రము తుదిదాక విడువలేదు.

విడుచుట యెట్లు జరిగెనో చెప్పెదను. లారెన్స్ ఆలివియర్ అను ప్రసిద్ధ నటునితో ఆమెకు ప్రేమ కుదిరెను. అప్పటికి అతనికి జిల్ ఎస్మండ్ అను భార్యయు, 1936 లో పుట్టిన కొడుకును గలరు. 1940 లో రెండు సంసారములును న్యాయస్థానములలో విడిపోయెను. సుజాన్ తండ్రికి దక్కెను. ఆ బాలుడు తల్లికి దక్కెను. ఆ యేడే ఆగస్టు 31 వ తేదీన కాలిఫోర్నియాలో వీరిద్దఱును వివాహమాడిరి. తల్లికి దూరమైన బిడ్డను, మగడు విడిచిన జిల్లును మఱచి దీనిని గొప్ప ప్రేమకథ యనుట నాకు సమ్మతము గాదు.

కీర్తికి కొదువ లేదు. 'గాన్ విత్ ది విండ్' చిత్రములోని స్కార్లెట్ పాత్రకు 1940 లోను, 'ఏ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' లోని బ్లాంచ్ పాత్రకు 1952 లోను ఆస్కారు బహుమతులు వచ్చెను. 1947 లో ఆలివియరుకు 'సర్' బిరుదము వచ్చుటచే ఆమె లేడీ ఆలివియర్ అయ్యెను. కాని ఇంటిలోపలి సంగతి వేఱు. 1944 లో గర్భస్రావమయ్యెను. పిమ్మట క్షయ సోకెను. అన్నిటికంటె క్రూరమైనది మనోవ్యాధి. కొన్నాళ్లు నిద్ర లేక, మాటకు అడ్డు లేక, ఎదుటివారిపై మండిపడును. కొన్నాళ్లు దుఃఖములో మునిగి లేవజాలదు. తేఱిన పిమ్మట చేసిన దానికి సిగ్గుతో క్రుంగిపోవును. నేటి వైద్యులు దీనిని బైపోలార్ డిసార్డర్ అందురు. 1953 లో 'ఎలిఫెంట్ వాక్' అను చిత్రమునకై సింహళమునకు వెళ్లినపుడు అది తీవ్రమాయెను. ఆ పాత్ర ఎలిజబెత్ టెయిలరుకు పోయెను. ఈమెను ఇంగ్లండుకు గొనివచ్చి ఆసుపత్రిలో చేర్చిరి. విద్యుత్తుతో చికిత్స చేసిరి. అయినను ఆ యేడే తిరిగి రంగస్థలమెక్కెను! ఆ ధైర్యమునకు నమస్కరింపక తప్పదు.

1949 లోనే ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, లిథియమను లవణము ఈ ఉన్మాదమును శమింపజేయునని ప్రకటించెను. కాని ఆ మందు దేశదేశముల వ్యాపించునప్పటికి ఈమె కాలము ముగిసెను. 1960 లో ఆలివియరుతో వివాహము రద్దాయెను; మఱుసటి యేడు అతడు వేఱొక నటిని పెండ్లాడెను. క్షయ తిరుగబెట్టి 1967 జూలైలో, ఏబదిమూడవ యేట, ఆమె లండనులో కన్నుమూసెను. తానును రోగియై ఆసుపత్రిలోనున్న ఆలివియర్ ఆ వార్త విని, లేచి ఆమెను కడసారి చూడవచ్చెను. లండను నాటకశాలలు ఆమె గౌరవార్థము ఒక గంటసేపు దీపములార్పెను. మొదటి భర్త హోల్మన్ మాత్రము కడవఱకు ఆమెకు మిత్రుడుగనే యుండెను.

ఇక నేను చెప్పదలచిన మాట. నలమహారాజు దమయంతిని నిద్రలో నట్టడవిని విడిచిపోయెనని చదివినపుడు మనమాతని నిందింపము, కలి యావేశించెనందుము. అదే మన యింటి కోడలు రాత్రులు నిద్రపోక సామానులు సర్దుచు కేకలు వేసిన, పొగరందుము. మఱునెల మంచము దిగకున్న, సోమరితనమందుము. నా చిన్ననాట మా వీథిలో అట్టి యిల్లాలొకతె యుండెను. గాలి సోకెనని వేపమండలతో కొట్టించిరి. తుదకు పుట్టింటికి పంపివేసిరి. ఆమెను వైద్యునికడకు గొనిపోయిన వారు లేరు. ఆమె కేకలకు జడిసి తలుపు మూసికొన్న పిల్లలలో నేనును ఒకతెను.

వివియన్ చేసినదంతయు వ్యాధివలననే యని నేననను. పసిబిడ్డను విడిచి పోవుట ఆమె యెఱిగి చేసిన పని. కాని దోషము వేఱు, రోగము వేఱు. రెంటిని కలిపి తీర్పు చెప్పుటవలన దోషము సరిపడదు, రోగము కుదురదు. నేడు దీనికి మందులు కలవు. మనోవ్యాధులకు వైద్యులు కలరు. మీ యింట నెవరికైనను కోపమును దుఃఖమును వంతులు వేసికొని వచ్చుచున్నచో, నిందించుటకు ముందు వైద్యునికి చూపుడు.