చుట్టమే వేటగాడైతే...

కోతుల బెడద ఎక్కువైతే కొండముచ్చును తెచ్చి ఊళ్లో తిప్పడం మన దగ్గర పాత చిట్కా. దాన్ని చూస్తే చాలు, కోతులు పరుగు లంకించుకుంటాయి. అయితే కొండముచ్చు కోతిని తినదు, బెదరగొడుతుందంతే. ఆఫ్రికా అడవుల్లో వ్యవహారం అలా ఉండదు. అక్కడ కొండముచ్చుకి దగ్గరి చుట్టమైన ఓ కోతిని చింపాంజీలు నిజంగానే వేటాడి తింటాయి. ఒకచోటైతే ఆ కోతుల్ని దాదాపు ఖాళీ చేసేశాయి!

ఆ కోతి పేరు ఎర్ర కొలొబస్. ఆకులూ చిగుళ్లూ పచ్చికాయలూ తింటూ చెట్లమీదే కాలక్షేపం చేస్తుంది. చింపాంజీకీ పండ్లే ప్రధాన ఆహారం. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో జేన్ గుడాల్ కళ్లారా చూసేదాకా అది మాంసం ముట్టదనే అందరూ అనుకునేవారు. తీరా చూస్తే అక్కడి చింపాంజీలకు అన్నిటికన్నా ఎక్కువగా చిక్కేది ఎర్ర కొలొబసే. 1990ల్లో క్రెయిగ్ స్టాన్‌ఫర్డ్ ఈ రెండు జాతుల్నీ కలిపి గమనించారు. కొన్ని సంవత్సరాల్లో ఆ ప్రాంతపు కొలొబస్‌లలో సుమారు ఐదో వంతు చింపాంజీల పాలవుతున్నట్లు ఆయన లెక్కల్లో తేలింది. బలయ్యేవాటిలో ఎక్కువ పిల్లలే. చింపాంజీలు తరచూ తిరిగే చోట కొలొబస్ గుంపులు చిన్నవిగా, పొలిమేరల్లో పెద్దవిగా ఉండటం కూడా ఆయన కంటపడింది.

తగ్గిపోయిన గుంపులు

అసలు కథ ఉగాండాలోని కిబాలే జాతీయవనంలో జరిగింది. అందులో ఎన్‌గోగో అనేచోట ఉండే చింపాంజీల సమూహం చాలా పెద్దది. మామూలుగా ఓ సమూహంలో యాభై దాకా ఉంటే అక్కడ ఒక దశలో నూట యాభై దాటాయి. మగవి ఎంత ఎక్కువుంటే వేట అంత తేలిక. పది వేటలకు వెళితే ఎనిమిదింటికి పైగా ఫలించేవి. ఒక్క వేటలోనే నాలుగైదు కోతులు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. ఫలితం... 1975 నుంచి 2007 మధ్య అక్కడ ఎర్ర కొలొబస్‌ల సంఖ్య దాదాపు 90 శాతం పడిపోయింది. అదే అడవిలో చింపాంజీలు తక్కువగా ఉన్న కాన్యవారా వైపు మాత్రం ఇలా జరగలేదు.

మామూలుగా వేటజంతువుకి తిండి కరవైతే దాని సంఖ్యా తగ్గుతుంది. ఆలోగా ఎర జంతువు మళ్లీ పుంజుకుంటుంది. పులికీ జింకకీ ఉన్న లెక్క అదే. చింపాంజీకి ఆ లెక్క పనిచేయదు. దానికి మాంసం పండగపూట పిండివంటలాంటిది. దొరక్కపోయినా పండ్లు తిని హాయిగా బతికేస్తుంది. ఎన్‌గోగోలో కొలొబస్‌లు కనపడటం తగ్గాక వేటలూ తగ్గాయి, చింపాంజీల చూపు వేరే కోతులమీదికి మళ్లింది. వాటి సంఖ్య మాత్రం తగ్గలేదు.

నోరు మూసుకుంటేనే ప్రాణం

మరి కొలొబస్‌లు చేతులు కట్టుకుని కూర్చుంటాయా? గోంబేలో మగకోతులు పిల్లలకు అడ్డంగా నిలబడి కలబడతాయి. అంతెత్తు చింపాంజీ కూడా ఒక్కోసారి తోక ముడుస్తుంది... దానికి తోక లేకపోయినా! కోట్ డివోర్‌లోని తాయ్ అడవిలో చింపాంజీలు ఇంకా జిత్తులమారివి. ఒకటి తరుముతుంటే కొన్ని పక్కదారులు కాస్తాయి, మరొకటి ముందే వెళ్లి మాటువేస్తుంది. అందుకే అక్కడి కొలొబస్‌లు ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే డయానా కోతుల పక్కన చేరతాయి. పరిశోధకులు చింపాంజీల అరుపుల్ని రికార్డు చేసి వినిపించినప్పుడు కూడా అవి డయానా కోతుల వైపే జరిగాయి.

మరో విచిత్రం... చిరుత కనిపిస్తే డయానా కోతులు అడవంతా మార్మోగేలా అరుస్తాయి. గుట్టు రట్టయిందని చిరుత దారిచూసుకుంటుంది. అదే చింపాంజీ అలికిడైతే కిక్కురుమనవు. చెట్టెక్కి వెంటాడే శత్రువుకి తామున్న చోటు తామే చెప్పడం ఎందుకని!

ఇద్దరూ ఆపదలోనే

ఇక్కడే పరిరక్షకులకు పెద్ద చిక్కొచ్చిపడింది. తినేదీ తినబడేదీ... రెండూ అంతరించే ప్రమాదమున్న జాతులే. ఎవరి పక్షం వహించాలి? అలాగని చింపాంజీనే దోషిగా నిలబెట్టడమూ న్యాయం కాదు. ఘనా, కోట్ డివోర్ అడవుల్లో ఉండే మిస్ వాల్డ్రన్ ఎర్ర కొలొబస్ 1978 తర్వాత శాస్త్రవేత్తల కంటపడలేదు. దానికి ముఖ్య కారణం మనిషి తుపాకీ, గొడ్డలి. ఒకచోట వేట మితిమీరినా అడవి విశాలంగా ఉంటే పక్కనున్న గుంపులు వచ్చి ఆ ఖాళీని నింపగలవు. చుట్టూ పొలాలూ ఊళ్లూ కమ్ముకున్న అడవిలో వాటికి ఆ దారి ఉండదు. చింపాంజీని వేటమానమని మనం చెప్పలేం. కోతికి పారిపోయే చోటు మిగల్చడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.